డెంటన్ ఓటు, ఆస్టిన్ చట్టం

అమ్మాయీ,

ఊరు ఓటేసి పెట్టుకున్న నిబంధనను రాష్ట్రం ఎలా కొట్టేస్తుందని అడిగావు. నువ్వు చదువుకుంటున్న టెక్సస్‌లోని డెంటన్‌లోనే అది జరిగింది. ఆ ఊరు బార్నెట్ షేల్ అనే గ్యాస్ ఉన్న రాతిపొర మీద ఉంది. ఇళ్లకు దగ్గర్లోనే గ్యాస్ బావులు. 2014 నవంబరులో దాదాపు 59 శాతం మంది ఓటర్లు ఫ్రాకింగ్ (ఒత్తిడితో నీరు పంపి రాతిని పగలగొట్టి గ్యాస్ తీయడం) వద్దన్నారు. టెక్సస్‌లో అలాంటి నిషేధం అదే మొదటిది. ఏడాది తిరగకుండానే, 2015 మేలో, ఊళ్లు అలాంటి నిషేధాలు పెట్టకుండా చేసే హెచ్‌బీ 40 అనే రాష్ట్ర చట్టం మీద గవర్నర్ ఆబట్ సంతకం పెట్టారు. లారీల రాకపోకలు, చప్పుడు, లైట్లు లాంటి పైపై సంగతులే ఊరికి మిగిలాయి. వాటి మీద పెట్టే ఆంక్షలూ కంపెనీలకు గిట్టుబాటయ్యేలా ఉండాలట! జూన్‌లో డెంటన్ నగర కౌన్సిలే తన నిషేధాన్ని రద్దు చేసుకుంది.

అమెరికా రాజ్యాంగంలో నగరాల ఊసే లేదు. రాష్ట్రం ఇచ్చినంతే నగరానికి అధికారమని 1868లో అయోవా జడ్జి డిల్లన్ తేల్చారు. టెక్సస్ 1912లో కాస్త సడలించి, ఐదు వేల జనాభా దాటిన ఊళ్లను సొంత చార్టర్ (నగర పాలనా నియమావళి) రాసుకోనిచ్చింది. మెలిక కూడా అక్కడే ఉంది. ఆ చార్టర్‌లో ఏదీ రాష్ట్ర చట్టానికి విరుద్ధంగా ఉండకూడదు. వాషింగ్టన్ తమ పనుల్లో తలదూరిస్తే మండిపడే రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లోని నాయకులకు ఈ మెలిక మహా ఇష్టం.

మన దేశంలో నగరపాలికలు రాజ్యాంగంలోకే ఎక్కాయి. 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూల్లో 18 పనులు రాశారు, ఎన్ని అప్పగించాలో మాత్రం శాసనసభలకే వదిలేశారు. నీటి సరఫరా ఆ జాబితాలో ఉంది. హైదరాబాద్‌లో అది అంతకుముందే, 1989లో, రాష్ట్ర ప్రభుత్వం కింద ఉండే జలమండలికి వెళ్లింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

అలాగని ప్రతి తగువులోనూ ఊరి పక్షమే పట్టకు. ఇంటి స్థలానికి ఒక్క ఇల్లే కట్టాలని పట్టుబట్టే కాలిఫోర్నియా ఊళ్లకు 2021లో రాష్ట్రం ఎస్‌బీ 9 అనే చట్టంతో అడ్డుకట్ట వేసింది. అక్కడ నేను రాష్ట్రం వైపే. ఇల్లు దొరక్క ఊరి బయట ఉండిపోయినవాడికి ఆ ఊళ్లో ఓటుండదు కదా. డెంటన్‌లో బావి పక్కన బతికేవాళ్లకు ఓటుంది. వాళ్లు వేశారు కూడా. భూమి కింది ఖనిజం మీద హక్కున్నవాళ్లు నష్టపోతారన్న వాదన తీసిపారేసేది కాదు. అయినా, మొత్తం నిషేధం కాకపోయినా బావికీ ఇంటికీ మధ్య ఎంత దూరం ఉండాలో తేల్చుకునే స్వేచ్ఛ అయినా ఊరికి ధారాళంగా వదలాల్సిందని నా అభిప్రాయం.

ముందు డెంటన్ చార్టర్ చదువు, తర్వాత హెచ్‌బీ 40. నాతో ఎక్కడ విభేదిస్తావో రాయి.

మీ పెదనాన్న