బోరు చుట్టూ గీసే బాణాలు

మీ ఇంట్లో తాగే నీళ్లు ఎక్కడివి? అన్నం వండే నీళ్లు ఎక్కడివి? నెల్లూరు జిల్లా మర్రిపాడు, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ల పిల్లలకు ఈ రెండు ప్రశ్నలు వేరువేరని చెప్పక్కర్లేదు. తాగడానికి ప్లాంటు క్యాను, వంటకీ పశువులకీ బోరు. ఈ తేడా తెలిసిన మీరు పర్యావరణ ఆరోగ్య పరిశోధనలో సగం పాఠం ఇంట్లోనే నేర్చుకున్నట్టు.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దీని గురించి తొలి వైద్య వ్యాసాలు వచ్చింది 1937లో. అవి అప్పటి నెల్లూరు జిల్లా మీదే. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమాన్ని కొన్ని జిల్లాలతో మొదలుపెడితే అందులో నెల్లూరు ఒకటి. ఇన్నేళ్లయినా పని మిగిలే ఉంది. నీళ్లలో ఫ్లోరైడ్ పరీక్షిస్తే ఒక అంకె వస్తుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 హద్దు. కానీ ఆ అంకె అక్కడికి ఎలా చేరిందో, ఇంట్లో ఎవరిని ఎంత తాకిందో అది చెప్పదు.

అందుకే కారణాలను బాణాలతో కలిపే చార్టు కావాలి. మధ్యలో బోరు గీయండి. వాన తప్పింది, నీరు దిగింది, బోరు ఇంకా లోతుకు పోయింది. రాతిలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ కరుగుతుంది. బోరుకు చేసిన అప్పు తీరాలంటే నీళ్లు ఎక్కువ తాగే పంట వేయాలి. ఆ పంటకు మళ్లీ నీళ్లు తోడాలి. బాణం తిరిగి మొదటికే వచ్చింది చూశారా? దీన్నే ఫీడ్‌బ్యాక్ లూప్ అంటారు. పాలు, ఆకుకూరలు అందని పిల్లల ఎముకల వైపు ఇంకో బాణం గీయండి. క్యాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువ.

ఇలా ఆలోచించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పెద్ద పనే చేశారు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో కుర్రవాళ్ల కాళ్లు వంకర తిరగడం చూసి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఇది పెద్దవాళ్లలో కనిపించే ఫ్లోరోసిస్‌లా లేదు. వెతుకులాట నీటి దగ్గర ఆగలేదు. వాళ్లు తినే జొన్నల దాకా, ఆ జొన్నలోని మాలిబ్డినం దాకా, ఒంట్లో తగ్గే రాగి దాకా, నాగార్జునసాగర్ ఊటతో మారిన నేల గుణం దాకా వెళ్లింది. ఆనకట్టకూ మోకాలికీ మధ్య బాణం గీయగలగడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయం.

బొమ్మ గీయడం శాస్త్రవేత్తల సొత్తు కాదు. పక్కనే ప్రకాశం, కడప జిల్లాల్లో రైతులే తమ బావుల నీటిమట్టం కొలిచి, ఊరి నీటి లెక్కను గోడల మీద రాసుకున్న భూగర్భజల పథకం (ఏపీ ఫామ్స్) నడిచింది. మీరు ఫోనుతో ఫొటోలు తీయొచ్చు, ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో బోర్లను మ్యాపు మీద పెట్టొచ్చు.

చదువు విషయానికొస్తే, తిరుపతి ఎస్వీయూలో పర్యావరణ శాస్త్రం ఎమ్మెస్సీ ఉంది. ప్రజారోగ్యంలో ఎంపీహెచ్‌కు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ ఐఐపీహెచ్, చెన్నై ఎన్ఐఈ ఉన్నాయి. అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. ఫ్లోరోసిస్ కార్యక్రమంలో జిల్లా కన్సల్టెంట్, ల్యాబ్ టెక్నీషియన్ కొలువులు, గ్రామీణ నీటి సరఫరా ల్యాబుల్లో, ఐసీఎంఆర్ ప్రాజెక్టుల్లో ఫీల్డ్ పనులు దొరుకుతాయి. వీటిలో చాలావరకు కాంట్రాక్టువే, తెలిసే దిగండి. జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్ వాడకం నేర్పుతారు. మీ అమ్మో వదినో అందులో ఉంటే మీ మొదటి గురువు ఆమే.

ఈ సెలవుల్లో మీ వీధి చార్టు గీసి నాయనమ్మకు చూపించండి. ఏ బావి ఎప్పుడు ఎండిందో, గారపళ్లు ఏ వీధిలో ఎక్కువో చెప్పి, మీరు గీసిన బాణాల్లో రెండు మూడు తప్పంటుంది. వాటిని కొట్టేసి పక్కన కొత్తవి గీయండి. కోర్సుకో కొలువుకో ఇంటర్వ్యూకి వెళ్తే ఆ కొట్టివేతల చార్టే తీసుకెళ్లండి, ఎత్తిరాసింది వద్దు.