గోడచిత్రములు – అరవాణి చిత్రకారిణులు

చిత్రలేఖనము తీరిక వేళల ముచ్చటయని మనలో పలువురి తలంపు. తల దాచుకొనుటకు ఇల్లు, చేయుటకు పని దొరకని వారికి ఆ కుంచె ఎట్లు అక్కరకు వచ్చినదో మన నగరములోనే చూడవచ్చును.

2016లో పూర్ణిమా సుకుమార్ అను చిత్రకారిణి బెంగళూరులో అరవాణి ఆర్ట్ ప్రాజెక్టును స్థాపించిరి. ఇందులో హిజ్రాలును, ఇతర స్త్రీలును కలసి వీధిగోడలపై పెద్ద చిత్రములు వేయుదురు. ఈ పేరు మనకు దూరమైనది కాదు. భారతములో అర్జునునకు ఉలూపియందు జనించిన ఇరావంతుడే తమిళుల అరవానుడు. బలి కానున్న అతనిని శ్రీకృష్ణుడు మోహినీరూపమున పెండ్లాడెనని తమిళనాట కథ. కూవాగము ఉత్సవమున హిజ్రాలు అతని వధువులై తాళి కట్టించుకొని, మరునాడు దానిని త్రెంచుకొని విలపింతురు.

గోడచిత్రమునకు ఒక సౌలభ్యము కలదు. చేయి తిరిగినవారు గీతలు గీసి యిచ్చినచో, ఎన్నడును కుంచె పట్టనివారు సైతము తొలినాడే రంగు నింపగలరు. పని నడివీధిలో జరుగును గనుక దారిన పోవువారు ఆగి, ఏమి వేయుచున్నారని అడుగుదురు. నిన్నటివరకు అడిగి పుచ్చుకొన్న మనిషి నేడు వివరించి చెప్పును. నా మట్టుకు బొమ్మకంటె ఈ సంభాషణయే ముఖ్యమని తోచును. కృష్ణరాజేంద్ర మార్కెట్టు గోడపై వీరు "మేమున్నాము" అను అర్థమిచ్చు కన్నడపు మాటలు వ్రాసిరి. అన్యభాషాప్రాంతమున బడి నిలుపుకొన్న మనకు ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. 2024లో వెనిస్ నగరపు 60వ అంతర్జాతీయ కళాప్రదర్శనమునందును వీరి చిత్రము నిలిచినది.

అయినను రంగు వేసినంతమాత్రమున అద్దె యిల్లు దొరకదు. 1871 నాటి ఆంగ్లేయుల చట్టము హిజ్రాల పేర్లను అనుమానితుల పట్టికలో చేర్చినది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వారిని మూడవ లింగముగా గుర్తించినది. 2021లో కర్ణాటక ప్రభుత్వము ఉద్యోగములలో వారికి 1 శాతము కేటాయించినది. చట్టము ఇంతదూరము వచ్చినను, మారతహళ్ళి వంతెన యొద్ద వారు కనబడగానే మనము కారు అద్దము పైకెత్తుచునే యున్నాము. వెనుక కూర్చున్న బిడ్డ దానిని చూచుచునే యున్నది. వారిని గూర్చి తెలుగులో వాడుకలోనున్న పేర్లలో కొన్ని తిట్లే. వాటిని పిల్లలకు నేర్పినది ఈ బడి కాదు.

ఎక్కడనైనను వీరు గోడ యొద్ద పనిలో నుండగా చూచినచో, ఆ బొమ్మ ఏమిటో పిల్లలను వారినే అడుగనిండు.