జ్వరము - జ్ఞాపకశక్తి

పది దినములు జ్వరముతో మంచము పట్టిన బాలుడు తిరిగి బడికి పోవును. మునుపు చక్కగా అప్పజెప్పిన ఎక్కములలో ఇప్పుడు తడబడును. అది సోమరితనమని పెద్దలు గద్దించుట కలదు. కాని ఇందులకు శరీరమునందే కారణముండవచ్చునని విజ్ఞానశాస్త్రము తెలుపుచున్నది. ఆ సంగతిని పంచాయతీ సభ్యుల కొరకు ఇచట సంగ్రహముగా వివరించుచున్నాము.

దేహములోని కబురు

రోగక్రిములు ప్రవేశించినంతనే రక్తములోని తెల్లకణములు మొదలగునవి కొన్ని ప్రోటీనులను విడుదల చేయును. వీనిని సైటోకైనులందురు. దొంగలు పడినప్పుడు తలారి వేయు కేక వంటివి ఇవి. ఇంటర్‌ల్యూకిన్-1, టి.ఎన్.ఎఫ్. అనునవి వీనిలో ముఖ్యమైనవి. ఈ కబురు రక్తము ద్వారాను, నరముల ద్వారాను మెదడునకు చేరును. అంతట జ్వరము, మగత, అరుచి కలుగును. రోగముతో పోరుటకై దేహము తన బలమును కూడబెట్టుకొను ఏర్పాటిది.

మితము మేలు, అతి కీడు

క్రొత్త సంగతులను జ్ఞాపకముంచుకొనుటకు మెదడులోని హిప్పోకాంపస్ అను భాగము ఆధారము. 2007లో జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయమువారు చుంచెలుకలపై చేసిన పరిశోధనలలో, ఇంటర్‌ల్యూకిన్-1ను పనిచేయనీయక అడ్డగించినను, మిక్కుటముగా ఇచ్చినను జ్ఞాపకశక్తి తగ్గినది. స్వల్పముగా ఇచ్చినప్పుడు మెరుగుపడినది. పైరునకు నీరు ఎట్టిదో మెదడునకు ఇది అట్టిది. చాలకున్నను, ముంచెత్తినను నష్టమే.

ఉగాండా అనుభవము

ఆఫ్రికాలోని ఉగాండా దేశమున, మెదడునకు సోకిన మలేరియా నుండి కోలుకొన్న 5 మొదలు 12 ఏండ్ల పిల్లలను 6 నెలల పిమ్మట పరీక్షించిరి. సుమారు ఐదుగురిలో ఒకరికి బుద్ధి వ్యాపారమున లోపము కానవచ్చినట్లు 2007లో ప్రకటించిరి. చికిత్సకు వచ్చిన నాడు వెన్నుద్రవమున టి.ఎన్.ఎఫ్. ఎంత హెచ్చుగా నుండెనో, తరువాత వారి ధ్యాస, తాత్కాలిక జ్ఞాపకము అంత తక్కువగా నుండెనని 2008లో వెల్లడియైనది. ఇదియొక్కటే కారణమనరాదు. మూర్ఛలు, చిరకాలము స్పృహ లేకుండుట కూడ హాని చేయును.

పంచాయతీల కర్తవ్యము

మన మన్యప్రాంతములందు మలేరియా నేటికిని కలదు. కావున సభ్యులు ఈ విషయములను గమనింపవలెను.

1. గ్రామమున నీరు నిలువయుండు గుంటలను పూడ్పింపవలెను. ప్రతియింట దోమతెరల వాడుకను ప్రోత్సహింపవలెను.

2. జ్వరము వచ్చిననాడే ఆశా కార్యకర్తకు తెలిపి, రక్తపరీక్ష చేయింపవలెను. జ్వరము తగ్గినదని మందు నడుమ మానరాదు.

3. బిడ్డకు మూర్ఛ గాని, లేపినను లేవని మగత గాని కలిగినచో, క్షణమైనను జాగు చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

4. జబ్బుపడి లేచిన విద్యార్థిని దండింపక, విడిచిన పాఠములను మెల్లగా నేర్పుమని ఉపాధ్యాయులను కోరవలెను. మాసములు గడచినను మందకొడితనము తగ్గనిచో వైద్యునకు చూపవలెను.

బడి కట్టించుట, పలకలు పంచుట ఎంత అవసరమో, బడికి పోవు బిడ్డను జ్వరము నుండి కాపాడుటయు అంత అవసరమే. ఈ రెండును చదువునకు చేయు సేవయేనని పంచాయతీ సభ్యులు గుర్తింతురని ఆశించుచున్నాము.