గాజుతొట్టిలో నీరుబ్రహ్మి

చేపలను పెంచుటకు గాజుతొట్టి నమర్చుకొనువారు మొదట చెరువునందలి నాచును తెచ్చి వేయుదురు. నేనును ఇంటిలో నట్లే చేసితిని. హైడ్రిల్లా యను నా నాచు, అనుకూలించినచోట దినమునకు 1 అంగుళము వరకు సాగును. నెల తిరుగకమునుపే తొట్టి నిండెను. ఒక తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండెను, రెండు చచ్చెను. మొక్కలు పగటి వెలుగులో ప్రాణవాయువును విడుచును గాని, రాత్రి చేపలవలెనే దానిని పీల్చుకొనును. ఈ సంగతి పాఠములో చెప్పుచుండియు నేను మఱచితిని!

కావున చిన్నతొట్టికి నెమ్మదిగా పెరుగు కాడమొక్క మేలు. మన సంతబొమ్మాళి ప్రాంతమున తడినేలలయందు ప్రాకు నీరుబ్రహ్మి యట్టిది. దీనిని సరస్వతియాకుతో పొరబడరాదు. సరస్వతియాకు గుండ్రముగా, పొడవైన తొడిమపై నుండును. నీరుబ్రహ్మి యాకులు చిన్నవి, దళసరివి, కాడపై ఎదురెదురుగా జంటలై యుండును. ఇది కొంత యుప్పును సహించును. మంచినీటి చేపలు సహింపవు గనుక, నౌపడా ఉప్పుమళ్ల దరినుండి తెచ్చినచో మన్నంతయు కడిగివేయవలెను.

4 అంగుళముల కొనలను త్రుంచి, క్రింది యాకులను తీసి, 2 అంగుళముల ఇసుకలో ఒక్కొక్కటిగా నాటుడు. గట్టుమీద పెరిగిన యాకులు కొన్ని రాలును. భయపడి పెఱికివేయకుడు, నీటిలో క్రొత్తచిగురు వచ్చును. అయితే నెమ్మదిమొక్క నీటి మాలిన్యమును నెమ్మదిగనే గ్రహించును. అందుచే చేపలు కొద్దిగా నుండవలెను, ఉదయపుటెండ మాత్రమే తగులవలెను; లేనిచో ఆకులపై పాచి పట్టును. కాడ నీటిమట్టమును దాటిన పిమ్మట కొనను త్రుంచి ప్రక్కనే నాటుడు. మొదటికాడ ప్రక్కచిగుళ్లు వేయును.