పళ్లెము విసరు పిల్లవాడు

ప్రశ్న: బాలల సంక్షేమ సమితి మా యింట నుంచిన పదునాలుగేండ్ల బాలుడు తిండి దాచుకొనును, మందలించినచో పళ్లెము విసరును. ఏమి చేయవలెను? – ఒక గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, పలుతావుల నుండి వెడలగొట్టబడిన యీ బాలుడు, మీరును నేడో రేపో పొమ్మందురను భయముచేత, ఆ మాట మీ నోట వెలువడకమున్నే మిమ్ము పరీక్షించుచున్నాడే కాని, ద్వేషించుట లేదు. తలగడ క్రింద దొరకిన చపాతీని నలుగురిలో నెత్తిచూపక, వానికై యొక డబ్బాలో నిత్యము అటుకులో, వేరుసెనగలో ఉంచుడు. కోపము చల్లారిన పిదప, చిందిన మెతుకులను మీరును చేయి కలిపి వానిచేత నెత్తింపుడు. ఉపన్యాసము వలదు, ఈ వయసున నది చెవికెక్కదు. ‘హోముకు పంపివేయుదు’నను బెదరింపు ఎన్నడును కూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము ననుసరించి నెలనెలా జరుగవలసిన సమితి తనిఖీలో మీ యిబ్బందులను దాపరికము లేక చెప్పుడు. బాలుడు తనకు గాని యితరులకు గాని హాని తలపెట్టినచో, జిల్లా బాలల పరిరక్షణ విభాగమునకు తెలిపి, మానసిక వైద్యునికి చూపింపుడు. అర్ధరాత్రమైనను బాలల సహాయవాణి 1098కు ఫోను చేయవచ్చును.