మీ ఊరి చెరువు ఏ తరగతి? పాలారు గట్టున ఒక కెరీర్

తమిళనాడులోని వేలూరులో పాలారు వంతెన మీది నుంచి చూస్తే ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపిస్తుంది. ఇది చిత్తడి నేలేనా అని అడిగితే సైన్సు డిగ్రీ చదివేవాళ్లలో కూడా చాలామంది కాదనే అంటారు. రామ్‌సార్ ఒప్పందం మాత్రం అవునంటుంది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సార్ పట్టణంలో చిత్తడి నేలల కోసం కుదిరిన ఆ అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం 1982లో చేరింది. దాని ప్రకారం నీరు నిలిచినా పారినా, ఏడాదంతా ఉన్నా నాలుగు నెలలే ఉన్నా, దానంతట అదే ఏర్పడినా మనిషి కట్టినా చిత్తడి నేలే. వాటిని 42 రకాలుగా విడదీసి ఒక్కోదానికి ఒక గుర్తు ఇచ్చారు. ఏడాదంతా పారే నది ‘ఎం’, వానల్లోనే పారేది ‘ఎన్’. పాలారు ‘ఎన్’ కిందికి వస్తుంది.

గుడియాత్తం దగ్గర ఇదే లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చిత్తూరు జిల్లా అడవుల నుంచి దిగివచ్చే కౌండిన్య నది కూడా ‘ఎన్’. దాని మీద కట్టిన మోర్దానా జలాశయం మానవ నిర్మిత రకాల్లో 6 అనే అంకె గుర్తు కిందికి వస్తుంది. నెల్లూరుపేట చెరువు లాంటి ఊరి చెరువులు ఎనిమిది హెక్టార్లు, అంటే దాదాపు 20 ఎకరాలు దాటితే 6, ఆ లోపైతే 2. చెరువు కింద వరి మడి 3, మురుగు కాలువ 9. ఒకే నీరు కిందికి దిగుతూ ఇన్ని తరగతులు మారుతుంది. ఈ తేడాను ఆధారాలతో చెప్పగలిగినవాళ్లకు ఇప్పుడు పని ఉంది. ఆ పని గురించే ఈ వ్యాసం.

తరగతి పేరు కాగితం మీది వ్యవహారం కాదు. ఏ చట్టం వర్తిస్తుందో, ఏ శాఖ బాధ్యత తీసుకుంటుందో దాన్ని బట్టే తేలుతుంది. మన దేశంలో 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు నదీ మార్గాలను, వరి పొలాలను, తాగునీటి కోసం, సాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టినవాటిని తమ పరిధి నుంచి తప్పించాయి. అంటే పైన చెప్పిన గుడియాత్తం వరసలో దాదాపు ఏదీ ఆ నిబంధనల కిందికి రాదు. అదే తమిళనాడులో వేడంతాంగల్, కరికిలి తరతరాలుగా పొలాలకు నీరిచ్చిన చెరువులే. పక్షుల వల్ల 2022లో రామ్‌సార్ జాబితాకెక్కాయి. సాగు చెరువు అని పక్కన పెట్టాలా, అందులోని జీవాన్ని చూసి కాపాడాలా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది చెరువులో దిగి చూసినవాళ్లు. నా దృష్టిలో ఈ వృత్తికి ఉన్న అసలు బరువు ఇదే.

ఈ పనికి డిమాండు ఉండటానికి మరో కారణం ఉంది. అహ్మదాబాద్‌లోని ఇస్రో అంతరిక్ష అనువర్తనాల కేంద్రం 2011లో వెలువరించిన జాతీయ అట్లాసు చిత్తడి నేలలను 19 తరగతులుగా చూపింది. అందులో 2.25 హెక్టార్ల కంటే చిన్నవి పటం మీద చుక్కలే. ఆ పరిమాణం దాటినవాటిని నేల మీదికి వెళ్లి సరిచూసి, హద్దులు గీయాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. పటం గదిలో కూర్చుని గీయవచ్చు, సరిచూడటానికి మాత్రం మనిషి వెళ్లాలి.

ఎందుకు వెళ్లాలో కొల్లేరు చెబుతుంది. 2002లో రామ్‌సార్ స్థలమైన ఆ సరస్సు లోపల చేపల చెరువులు తవ్వుకుంటూ పోయారు. 2006లో ప్రభుత్వం వాటి గట్లు కొట్టించింది. పైనుంచి చూస్తే చేపల చెరువూ నీలంగానే ఉంటుంది. నీటి విస్తీర్ణం తగ్గనట్టే కనిపిస్తుంది. కానీ సహజ సరస్సు రకం పోయి, మానవ నిర్మిత రకాల్లో 1 వచ్చి కూర్చుంది. దీనికి తలకిందులుగా, గుర్రపుడెక్క కప్పేసిన చెరువు ఉపగ్రహ చిత్రంలో పచ్చని పొలంలా కనిపించి లెక్కలోంచి జారిపోతుంది. అందుకే విద్యార్థులకు నేను చెప్పేది, ముందు గట్టు మీద నేర్చుకోండి, ఆ తర్వాత కంప్యూటరు ముందు కూర్చోండి.

గట్టు మీద చూడాల్సినవి మూడు: నీరు, మట్టి, మొక్కలు. నీరు ఎప్పుడు వచ్చి ఎన్ని నెలలు ఉంటుంది, అలుగు ఏ ఏడాది పారింది? మట్టిని జానెడు తవ్వితే బూడిద రంగులో తుప్పు మరకలు ఉన్నాయా? ఉంటే అక్కడ నీరు ఏటా చాలా రోజులు నిలుస్తోందని అర్థం. తుంగ, జమ్ము, కలువ ఉన్నాయా, లేక సర్కారు తుమ్మ ఆక్రమించిందా? పాలారు పరివాహకంలో నీటి రసాయనం కూడా చూడాలి. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ల పరిశ్రమల వ్యర్థాలపై 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన వేలూరు పౌర సంక్షేమ వేదిక తీర్పును దేశమంతా పర్యావరణ చట్టం తరగతుల్లో చదువుతారు. ఉప్పు, క్రోమియం చేరితే నది గుర్తు ‘ఎన్’గానే ఉంటుంది, కానీ దాని జీవావరణ స్వభావం మారిపోతుంది. ఏం మారిందో చెప్పాలంటే ముందు ఏముండేదో ఎవరో ఒకరు నమోదు చేసి ఉండాలి.

చదువు విషయానికి వస్తే, గుడియాత్తం ప్రభుత్వ తిరుమగళ్ మిల్స్ కళాశాలలోనో, వేలూరు ఊరీస్ కళాశాలలోనో సైన్సు డిగ్రీ చేస్తున్నవాళ్లకూ ఈ దారి తెరిచే ఉంది. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భూగర్భశాస్త్రం ఏదైనా పునాదిగా పనికొస్తుంది. పీజీలో పర్యావరణ శాస్త్రం గానీ రిమోట్ సెన్సింగ్ గానీ తీసుకోవచ్చు. పక్షుల వైపు మనసుంటే కోయంబత్తూరులోని సలీం అలీ కేంద్రం, దేహ్రాదూన్‌లోని వన్యప్రాణి సంస్థ గురించి తెలుసుకోండి. దేహ్రాదూన్‌లోనే ఉన్న భారతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నడుపుతోంది. పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరు ఉచితం, పది మీటర్ల స్పష్టతతో వచ్చే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలూ ఉచితమే.

ఉద్యోగాల గురించి దాపరికం లేకుండా చెప్పాలి. మొదట దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు కాలానికే పరిమితమైన కాంట్రాక్టు పనులు. రాష్ట్ర చిత్తడి నేలల ప్రాధికార సంస్థల సర్వేలు, విశ్వవిద్యాలయ పరిశోధనలు, స్వచ్ఛంద సంస్థలు అలాంటివే. పరిశ్రమలకు పర్యావరణ ప్రభావ అంచనా తయారుచేసే కన్సల్టెన్సీలకు జీవావరణ నిపుణులు తప్పనిసరి. అనుభవం పెరిగేకొద్దీ అక్కడ స్థిరపడవచ్చు. యూజీసీ నెట్ రాస్తే బోధన, పరిశోధన వైపు వెళ్లొచ్చు. భారత అటవీ సర్వీసు పరీక్షకు సైన్సు డిగ్రీవాళ్లు చాలామంది అర్హులే.

వేలూరు, గుడియాత్తం తెలుగువాళ్లకు ఒక అదనపు బలం ఉంది, తెలుగూ తమిళమూ రెండూ రావడం. 1911 దాకా వేలూరుతో పాటు చిత్తూరు కూడా ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగమే. కౌండిన్య పైభాగం తెలుగు రైతుల చేతుల్లో, కింది భాగం తమిళ రైతుల చేతుల్లో ఉంది. తూము ఎప్పుడు పూడింది, ఊటకాలువ ఎప్పుడు ఎండింది అన్నది ఏ ఉపగ్రహం దగ్గరా దొరకదు. రెండు వైపులా పెద్దవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల భాషలోనే అడగగలిగిన సర్వేయరు అరుదు. దరఖాస్తులో ఈ రెండు భాషల సంగతి పైనే రాయండి.

ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే లోపు, సెప్టెంబరులో, ఒక చెరువు ఎంచుకోండి. నెలనెలా ఒకే చోట నిలబడి ఫొటో తీసి, నీటి అంచును జీపీఎస్‌లో గుర్తించి, మొక్కల పేర్లు రాసుకోండి. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, పక్కన అనుభవజ్ఞుడు ఉండేలా చూసుకుని అందులో చేరండి. మే నెలలో మట్టి తవ్వి చూడండి. తరువాతి సెప్టెంబరుకు ఆ చెరువు రామ్‌సార్ గుర్తు ఏమిటో, ఎందుకో రెండు పేజీల్లో రాసి, పటంతో సహా ఒక ప్రతి ఉద్యోగ దరఖాస్తుకు, ఇంకో ప్రతి జిల్లా కలెక్టరు కార్యాలయానికి పంపండి.