బిగించే ముందు పరీక్ష

లలితా,

రెండో కాన్పు తర్వాత దగ్గినా తుమ్మినా మూత్రం జారుతోందనీ, వీడియో చూసి కటి కండరాలను బిగించే కీగల్ వ్యాయామాలు మొదలుపెట్టాననీ రాశావు. వ్యాయామం మంచిదే, కానీ ముందు ఫిజియోథెరపిస్టు చేత ఆ కండరాలను పరీక్ష చేయించుకో. కటి అడుగున, ముందు ఎముక నుంచి వెనక తోకెముక దాకా పరుచుకున్న కండరాలివి, పెల్విక్ ఫ్లోర్ అంటే ఇవే. మూత్రాశయాన్నీ గర్భసంచినీ మోస్తాయి. ఆపుకోవలసినప్పుడు బిగుసుకోవాలి, వదలవలసినప్పుడు సడలాలి. ఈ రెంటిలో ఏది చెడిందన్నదాన్ని బట్టి వైద్యం మారిపోతుంది. కాన్పులో సాగి బలం తగ్గితే లీకవుతుంది. ఎప్పుడూ బిగుసుకునే ఉంటే మూత్రం వెంటనే రాదు, విరేచనానికి ముక్కాలి, కలయికలో నొప్పి. అలాంటివాళ్లు ఇంకా బిగిస్తే బాధ పెరుగుతుంది. మూత్రాశయ నొప్పితో ఉన్న స్త్రీల మీద జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2012లో వచ్చాయి. ఈ కండరాలను ఫిజియోథెరపిస్టు చేత్తో సడలించిన వాళ్లలో 59 శాతం, మామూలు మసాజ్ చేయించుకున్న వాళ్లలో 26 శాతం మెరుగయ్యామన్నారు.

"వీడియోలో అంతా చెబుతున్నారుగా" అంటావు. 1948లో ఈ వ్యాయామాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కీగల్, బిగింపు ఎంతుందో కొలిచే పరికరం కూడా తయారుచేశాడు. లోకం వ్యాయామాన్ని ఉంచుకుని కొలతను వదిలేసింది. 1991లో 47 మంది స్త్రీలకు నోటిమాటగా నేర్పి చూస్తే సగం మందే సరిగ్గా చేశారు. నలుగురిలో ఒకరు చేసిన తీరు లీకును పెంచేలా ఉంది! సరిగ్గా చేస్తే మాత్రం ఫలితం గట్టిది. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2018 నాటి సమీక్షలో, నీలాంటి లీకు ఉండి వ్యాయామం చేసిన స్త్రీలలో 56 శాతం నయమైందన్నారు, చేయనివాళ్లలో 6 శాతమే. బ్రిటన్ మార్గదర్శకాలు కనీసం 3 నెలలు, రోజుకు 3 సార్లు, సారికి కనీసం 8 బిగింపులు చేయమంటాయి. వారంలో ఫలితం లేదని మానేయకు.

మీ మామగారికి ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత ప్యాడ్లు తప్పడం లేదన్నావు కదా, ఆ కండరాలు మగవాళ్లకూ ఉన్నాయి. అయితే వాళ్ల విషయంలో సాక్ష్యం ఇంత సూటిగా లేదు. 2000లో బెల్జియంలో శిక్షణ పొందినవాళ్లలో 88 శాతానికి 3 నెలల్లో లీకు ఆగింది, పొందనివాళ్లలో 56 శాతానికి. 2011లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధనలో ఏడాదికి తేడా ఏమీ కనబడలేదు. అదే ఏడాది అమెరికాలో, ఆపరేషనై ఏడాది దాటినా లీకు ఆగని వాళ్లకు 8 వారాలు నేర్పితే లీకులు సగానికి పైగా తగ్గాయి. పూర్తిగా పోతుందని ఆయనకు మాటివ్వలేం గానీ, ఆలస్యమైందని వదిలేయడానికీ కారణం లేదు.

ఇక సిగ్గు. ఈ కండరాలను చూసేందుకు చేసే లోపలి పరీక్ష నీ అనుమతి లేకుండా చేయకూడదు, మధ్యలో వద్దంటే ఆపాలి, ఆడ ఫిజియోథెరపిస్టు కావాలని అడగొచ్చు. "పిల్లలు పుట్టాక ఇది మామూలే" అంటారు. చాలామందికి వస్తుందన్నది నిజమే, అంతమాత్రాన భరించాలని లేదు. "గర్భసంచి తీయించేసుకో" అనేవాళ్ల మాట అసలు వినకు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ ఆపరేషన్లు ఇప్పటికే ఎక్కువ, అది ఈ లీకుకు మందు కాదు. వ్యాయామంతో తగ్గకపోతే అప్పుడు వేరే ఆపరేషన్ల సంగతి డాక్టరుతో మాట్లాడొచ్చు. మూత్రంలో రక్తం కనిపించినా, మంట, జ్వరం ఉన్నా మాత్రం మొదట డాక్టరు దగ్గరికే వెళ్లు. ఫిజియోథెరపిస్టులందరూ ఈ పని నేర్చుకుని ఉండరు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే పెల్విక్ ఫ్లోర్‌లో శిక్షణ ఉందా అని అడుగు.

నీ పెద్దమ్మ